గద్దకు కాపలా

నేను పళ్ళు తయారు చేస్తాను. డాక్టరును కాను. డాక్టరు పన్ను పీకేసి కొలత పంపిస్తే, ఆ ఖాళీలోకి కొత్తది చేసి ఇచ్చేవాణ్ణి. ఇరవై ఆరేళ్ళుగా ఇదే పని. క్యాపులు, బ్రిడ్జీలు, మొత్తం సెట్లు. ఎవరైనా నాతో మాట్లాడుతుంటే వాళ్ళ కళ్ళలోకి చూడను, పై వరస చూస్తాను. ముందు పళ్ళ మధ్య సందు ఎంతుందో, ఏ రంగు నంబరు సరిపోతుందో లెక్క కట్టేలోపు వాళ్ళు చెప్పాల్సింది చెప్పేసి వెళ్ళిపోతారు. మా ఆవిడతో మొదటిసారి మాట్లాడినప్పుడు కూడా ఇంతే. తను ఏం చదివిందో గుర్తులేదు గానీ, కోరపన్ను కాస్త తిరిగి ఉందని మాత్రం ఇంటికొచ్చి అమ్మకు చెప్పాను.

అలాంటి నేను సెకండ్ హ్యాండులో ఒక చిన్న కారు కొన్నాను. బూడిద రంగు, నాలుగు తలుపులు, వంక పెట్టడానికి ఏమీ లేదు, ఒక్కటి తప్ప. ముందు గ్రిల్లు మధ్యలో కంపెనీ గుర్తు ఉండాల్సిన చోట గుండ్రటి గుంట ఉంది. పాత ఓనరు, "ఎక్కడో పడిపోయిందండీ, దానివల్ల బండికేం కాదు," అన్నాడు. బండికేం కాదు, నాకే అయింది. పొద్దున్నే పార్కింగులోకి వెళ్ళేసరికి ముందు పన్ను లేని మనిషి నన్ను చూసి నవ్వుతున్నట్టుండేది. ఊళ్ళో అందరి ఖాళీలూ పూడ్చేవాడి కారు బోసినోటితో తిరగడమేమిటి?

రెండేళ్ళు ఓర్చుకుని, చివరికి కార్లకు సీటు కవర్లు, స్టిక్కర్లు అమ్మే షాపుకి వెళ్ళాను.

"కంపెనీ ఎంబ్లమ్ అయితే ఆర్డరు పెట్టాలి సార్, రెండు వారాలు పడుతుంది," అన్నాడు షాపతను.

"వేరేవి ఏమున్నాయి?"

అతను అద్దాల బీరువా లోంచి ఒక ట్రే తీసి బల్ల మీద పెట్టాడు. సింహం, గుర్రం, దూకుతున్న చిరుత, మధ్యలో గద్ద. అరచేయంత గద్ద. రెక్కలు విప్పి, మెడ ముందుకు చాచి, ముక్కు బయటికి పొడుచుకొచ్చి, మిలమిల మెరుస్తోంది.

"అది పెద్ద బండ్లకు పెడతారు సార్," అన్నాడు.

అతను ఆ మాట నన్ను వద్దనడానికే అన్నాడని ఇప్పుడు తెలుస్తోంది. అప్పుడు మాత్రం ఆ మాటకే కొన్నాను. రెండు వైపులా అంటుకునే టేపుతో గద్దని గుంటలో అతికించి, అరచేత్తో రెండు దెబ్బలు వేసి, "కారు ఊడాలి గానీ ఇది ఊడదు సార్," అని పంపించాడు.

ఇంటి ముందు ఆపి హారన్ కొట్టాను. మా ఆవిడ బయటికి వచ్చింది. తను లెక్కల టీచరు. దేన్నైనా ఒకసారి చూసి తప్పెక్కడుందో చెప్పడం ఆమె ఉద్యోగం.

"ముందు ఆ కోడేంటి?"

"కోడి కాదు, గద్ద."

"గద్దకి అంత మెడ ఉంటుందా?" అని చుట్టూ ఒకసారి తిరిగి చూసి, "ఎడమ పక్క ఇండికేటరు వెలగట్లేదు. అది చేయించారా?" అంది.

చేయించలేదు.

ఆ వారం నేను తిరిగిన తిరుగుడు చెప్పుకుంటే సిగ్గు. ఒక పెద్ద షాపింగ్ కాంప్లెక్సు గేటు దగ్గర వాచ్‌మన్ నాకు సెల్యూట్ కొట్టాడు. నేను కిటికీ దించి హుందాగా తల ఊపాను. అతను నా వెనకాల వస్తున్న నల్ల కారుకి కొట్టాడని అతను చేతితో నన్ను పక్కకు తప్పుకోమన్నాక తెలిసింది. అయినా లోపల ఎక్కడో ఆ సెల్యూట్‌లో సగం గద్దదేనని అనిపిస్తూనే ఉంది.

నా ల్యాబు మూడంతస్తుల బిల్డింగులో కింద ఉంటుంది. పైన డాక్టరమ్మ క్లినిక్కు. వయసులో చిన్నదే అయినా చేయి మంచిదని పేరు. నా పనిలో ముప్పాతిక భాగం ఆమె పంపేదే. బిల్డింగు వెనకాల నాలుగు కార్లు పట్టే పార్కింగు ఉంది. ల్యాబుకి ఆ వైపు కిటికీ లేదు. పైగా మంగళవారం, శుక్రవారం మధ్యాహ్నాలు నేను లోహం పోత పోస్తాను. ఫర్నేసు మొదలుపెట్టాక రెండు గంటలు కదలడానికి లేదు, మోటారు మోతలో పక్కన పిడుగు పడినా వినపడదు.

మా ఆవిడ స్కూలు పొద్దుటి పూటే. ఒంటిగంటకి నాకు క్యారియర్ తెచ్చి ఇచ్చి, బస్సెక్కి ఇంటికి వెళ్ళిపోతుంది. వెళ్ళిపోతుందని నేను అనుకునేవాణ్ణి.

అదే సమయానికి రోజూ ఇంకొకాయన వచ్చేవాడు. డెబ్బై దాటిన పెద్దాయన, బస్సు డ్రైవరుగా చేసి రిటైరయ్యాడు. నాలుగు నెలల కిందట ఆయనకి నేను పై సెట్టూ కింది సెట్టూ చేశాను. ఆ సెట్టు ఆయనకి కుదరలేదు. మాట్లాడుతుంటే పైది కిందికి జారేది, ఆయన దాన్ని నాలుకతో పైకి నెట్టేవాడు, మధ్యలో మాటలు నలిగిపోయేవి. ల్యాబు బయటి బెంచీ మీద కూర్చుని నేను కనిపించగానే లేచి నిలబడేవాడు. నేను, "కొత్త చెప్పులు కరవవూ? అలాగే. ఇంకో వారం వాడండి, అలవాటైపోతుంది," అనేవాణ్ణి. ఆ మాట ఆయనకి పదహారు వారాలు చెప్పాను.

గద్ద వచ్చిన పదకొండో రోజు, శుక్రవారం. సాయంత్రం కారు దగ్గరికి వెళితే గుంట. అంచుల్లో చిరిగిన టేపు ముక్కలు. చుట్టుపక్కల నేలంతా వంగి వెతికాను. దొరకలేదు.

"దొంగలు పడ్డారు," అన్నాను ఇంటికి వెళ్ళగానే.

మా ఆవిడ ఏదో మాట్లాడబోయి ఆగింది. "పోతే పోయిందిలెండి. అది లేకపోతేనే బండి బావుంది," అంది.

మర్నాడు పెద్దాయన నన్ను చూడగానే బెంచీ మీంచి లేచి చెయ్యి పట్టుకున్నాడు.

"బాబూ, మీ ఆవిల... ఇఫుక..."

"ఆవలిస్తే ఇరుగ్గా ఉందా?" అన్నాను.

ఆయన తల అడ్డంగా ఊపాడు. "ఆవిల! ఇఫుక!"

"అర్థమైందండీ. ఆవలింత వచ్చినప్పుడు గడ్డం కింద చెయ్యి పెట్టుకోండి. వారంలో అలవాటైపోతుంది."

నాకు వేరే పనుంది. ఫోనులో కార్ల ఎంబ్లమ్ దొంగతనాల గురించి చదువుతున్నాను. బయట కొన్న ఎంబ్లమ్‌లకి నంబరు ఉండదు, గుర్తు ఉండదు, కాబట్టి వాటిని ఎత్తుకెళ్ళి అమ్మేస్తారట. జుట్టు ఆరబెట్టుకునే మిషనుతో వేడి చేస్తే జిగురు మెత్తబడుతుందట. తర్వాత పళ్ళ మధ్య శుభ్రం చేసుకునే సన్న దారం, అదే ఫ్లాసు, దాన్ని వెనక నుంచి దూర్చి రంపంలా లాగితే గీత కూడా పడకుండా ఊడి వస్తుందట. పళ్ళ దారం! నా రంగంలోంచే శత్రువు పుట్టాడు.

షాపుకి వెళ్ళి అదే గద్దని మళ్ళీ కొన్నాను. షాపతను టేపు తీయబోతే వద్దన్నాను. టేపుతో అతికించేవాళ్ళు ఔత్సాహికులు. నా దగ్గర కట్టుడు పళ్ళకి వాడే ప్లాస్టిక్ పిండి ఉంది. పొడి, ద్రవం కలిపి గద్ద వెనక మెత్తి, గ్రిల్లుకి అదిమి ఇరవై నిమిషాలు అలాగే పట్టుకుని నిలబడ్డాను. పైనుంచి దిగుతున్న పేషెంట్లు ఒక మనిషి కారు ముందు మోకాళ్ళ మీద కూర్చుని రెండు చేతులూ దానికి ఆనించి కళ్ళు మూసుకుని ఉండటం చూసి చప్పుడు చేయకుండా పక్కనుంచి వెళ్ళారు.

తొమ్మిది రోజులు. మళ్ళీ గద్ద లేదు. ఈసారి గ్రిల్లు కమ్మీకి వేలెడు పొడుగున తెల్లటి దారం ముక్క వేలాడుతోంది. వేళ్ళతో నలిపి, ముక్కు దగ్గర పెట్టుకుని చూశాను. పుదీనా వాసన. ఫ్లాసు!

నిజం చెప్పాలంటే ఆ క్షణంలో బాధ కంటే సంతోషమే ఎక్కువ కలిగింది. నేను చదివింది నిజమైంది. నా కారు మీద, నా గద్ద మీద, పద్ధతి తెలిసిన అసలు సిసలు దొంగ కన్ను వేశాడు. దారం ముక్కని ప్లాస్టిక్ సంచిలో వేసి తేదీ రాసి జేబులో పెట్టుకున్నాను. మంగళవారం.

పెద్దాయన ఆ సాయంత్రం బెంచీ మీద కాకుండా ఏకంగా ల్యాబు లోపలికే వచ్చాడు. నుదుటి మీద చెమట.

"ఓల... ఉద్దింది. బాబూ, ఓల ఉద్దింది!"

"ఓ పక్క రుద్దుతోందా? ముందే చెప్పొచ్చుగా!" అని పై సెట్టు తీయించి కుడి పక్క అరగదీసి ఇచ్చాను. ఆయన పెట్టుకుని నన్నే చూస్తూ చాలాసేపు నిలబడ్డాడు. ఎందుకో ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. సుఖంగా ఉందనుకున్నాను.

ఇక గద్దని కొనడం కాదు, నేనే చేస్తాను అనుకున్నాను. మైనంతో మూస చెక్కడానికి నాలుగు రోజులు పట్టింది. ఈకలు ఒక్కొక్కటీ, ముక్కు వంపు, కనుగుడ్డు. నా జీవితంలో ఏ మనిషి పన్ను మీదా అంత శ్రద్ధ పెట్టలేదు. కట్టుడు పళ్ళ చట్రాలకి వాడే గట్టి లోహం ఒకటుంది, దానితో పోత పోశాను. వెనక రెండు కాళ్ళు పెట్టాను. గ్రిల్లుకి రెండు బెజ్జాలు వేసి, ఆ కాళ్ళు దూర్చి, లోపలి నుంచి నట్లు బిగించి, నట్ల మీద మళ్ళీ ప్లాస్టిక్ పిండి మెత్తాను. దాన్ని తీయాలంటే నేను కూడా తీయలేను.

అది చాలదన్నట్టు అలారం పెట్టించాను. బండిని ఎవరు తాకినా కూస్తుంది. మొదటి రోజు పిల్లి తాకింది. రెండో రోజు రెండు పావురాలు తాకాయి. మూడో రోజు పెద్ద లారీ వీధిలోంచి వెళితే ఎవరూ తాకకుండానే కూసింది. పైన డాక్టరమ్మ ఒక పేషెంటు నరంలోకి సూది దింపుతున్న సమయమట. కూసిన ప్రతిసారీ నేను రిమోటు పట్టుకుని చెప్పులు లేకుండా పరిగెత్తేవాణ్ణి. అలారంతో రెండు రిమోట్లు వచ్చాయి. రెండోది మా ఆవిడకిచ్చి, దాన్ని ఎంత జాగ్రత్తగా చూసుకోవాలో పావుగంట చెప్పాను. తను శ్రద్ధగా విని, "ఈ బటన్ నొక్కితే ఆగిపోతుంది, అంతేగా?" అంది.

"అంతే."

"చాలు," అని సంచిలో వేసుకుంది.

ఆ రోజుల్లో ఇంకా కొన్ని చిత్రాలు జరిగాయి. కారులో కూర్చుంటే పొట్ట స్టీరింగుకి తగులుతోంది. లావవుతున్నానని రాత్రి అన్నం మానేశాను. రెండు రోజులు బాగుండేది, మూడో రోజు మళ్ళీ తగిలేది. సీటు ముందుకు జరిగి ఉందేమోనన్న ఆలోచన నాకు రాలేదు. పెట్రోలు త్వరగా అయిపోతోంది. గద్ద రెక్కలకి గాలి తగిలి మైలేజీ పడిపోతోందని తేల్చుకుని, పైగా దానికి గర్వపడ్డాను. మధ్య అద్దంలో చూస్తే వెనక రోడ్డు బదులు నా గడ్డం కనిపించేది. దాన్ని సర్దుకుంటూ, వయసుతో పాటు మనిషి కుంగిపోతాడనుకున్నాను.

మూడో గద్ద పద్దెనిమిది రోజులు ఉంది. శుక్రవారం సాయంత్రం పోత పని ముగించి వెనక్కి వెళితే, గద్ద లేదు. గ్రిల్లు కూడా లేదు. ముందు వరస మొత్తం పీకేసిన నోరులా, లోపలి రేడియేటరు చిగుళ్ళలా కనిపిస్తూ, నా కారు నన్ను చూసి నోరు తెరిచింది.

అక్కడే గట్టు మీద కూర్చుని ఆలోచించాను. శుక్రవారం, మంగళవారం, శుక్రవారం. అన్నీ పోత రోజులే. నేను ఎప్పుడు కదల్లేనో దొంగకి తెలుసు. అలారం కూయకుండా ఎలా ఆపాలో తెలుసు. ఫ్లాసు వాడటం తెలుసు. ఇవన్నీ తెలిసిన మనిషి ఈ బిల్డింగులో ఒక్కరే. పైగా నా అలారం అంటే ఆమెకి మంట.

మెట్లెక్కి క్లినిక్కులోకి వెళ్ళాను. డాక్టరమ్మ చేతులు కడుక్కుంటోంది. జేబులోంచి ప్లాస్టిక్ సంచి తీసి ఆమె ముందు బల్ల మీద పెట్టాను.

"ఇదేంటో మీకు తెలుసనుకుంటా మేడమ్."

"ఫ్లాసు," అంది.

"నా కారు దగ్గర దొరికింది."

"మంచిది అంకుల్. చాలామందికి వాడమని చెబుతుంటాను, ఎవరూ వాడరు."

"నా గద్ద ఎక్కడ?"

ఆమెకి అర్థం కావడానికి కాస్త టైము పట్టింది. అర్థమయ్యాక కుళాయి కట్టేసి, చేతులు తుడుచుకుని, కుర్చీలో కూర్చుంది.

"నా దగ్గర దారం ఉంది కాబట్టి నేను దొంగని. మరి మీ ల్యాబులో రెండొందల పళ్ళున్నాయి. వాటితో ఎవరెవరిని కరిచారో నేను అడగనా?"

నేను ప్లాస్టిక్ సంచిని తీసి మళ్ళీ జేబులో పెట్టుకున్నాను.

"అంకుల్, మీ అలారం మోతకి నిన్న ఒక పిల్లాడు నా వేలు కొరికాడు. అయినా ఏమీ అనలేదు. ఇప్పుడు అంటున్నా, వినండి. రెండు నెలల నుంచి మీరు పంపే పని పనిలా లేదు. ఆ పెద్దాయన సెట్టు చూశాను. కుడి పక్క ఎవరు అరగదీశారు?"

"నేనే. ఓ పక్క రుద్దుతోందన్నారు."

"ఆయనకి ఎక్కడా రుద్దట్లేదు. అసలు నిలబడట్లేదు. సోమవారం లోపు దాన్ని సరిచేసి ఆయన నోట్లో పెట్టకపోతే, నా కొలతలు ఇంకో ల్యాబుకి వెళతాయి. మీ గద్ద సంగతి తర్వాత చూద్దాం."



శనివారం పెద్దాయనని కుర్చీలో కూర్చోబెట్టాను. డాక్టరమ్మ తీసి పంపిన కొత్త కొలత పెట్టి, పై సెట్టు లోపలి వైపు మళ్ళీ పోశాను. గంటన్నర పట్టింది. పదహారు వారాల కిందటే చేయాల్సిన గంటన్నర అది. పాలిష్ చేసి, నీళ్ళలో కడిగి ఆయన చేతికిచ్చాను. ఆయన పెట్టుకుని పళ్ళు రెండుసార్లు తాటించాడు. నాలుకతో పైకి నెట్టి చూశాడు. కదల్లేదు.

"అమ్మయ్య," అన్నాడు.

నిండు బస్సులో వెనక సీటు దాకా వినపడే గొంతు. నాలుగు నెలలుగా ఆయన గొంతు అలా ఉంటుందని నాకు తెలియదు.

"కూర్చో బాబూ."

కూర్చున్నాను.

"నీ గద్దని ఎవరూ ఎత్తుకుపోలేదు. మీ ఆవిడ గుద్దేసింది."

"గద్దనా?"

"మొదట ఇసుక గుట్టని. తర్వాత గోడని. నిన్న స్తంభాన్ని. పాపం అమ్మాయి తప్పేం లేదు, బండి ఎక్కడ ఆగాలో అక్కడే ఆపింది. నీ గద్ద ముక్కే జానెడు ముందుకుంది."

ఆవిల అంటే ఆవిడ. ఇఫుక అంటే ఇసుక. ఓల ఉద్దింది అంటే గోడ గుద్దింది. అవన్నీ ఆయన మొదటి రోజు నుంచే చెబుతున్నాడు. నేను ఆయన పై వరస చూస్తూ నిలబడ్డాను.

మిగతాది ఆయన తాపీగా చెప్పాడు. మా ఆవిడని స్కూలు వాళ్ళు ఊరి చివర కట్టిన కొత్త బిల్డింగుకి మార్చబోతున్నారు, రెండు బస్సులు మారాలి. ఓ రోజు నాకు క్యారియర్ ఇచ్చి వెళుతూ బెంచీ మీద ఈయన పక్కన కూర్చుని మాట్లాడింది. ఆయన మాటలు తనకి అర్థమయ్యాయట. ముప్పై ఏళ్ళు బస్సు నడిపిన మనిషని తెలిసి, "నాకు నేర్పుతారా బాబాయ్ గారూ?" అని అడిగింది. అంతే. ఆర్టీఓ ఆఫీసుకి వెళ్ళి నేర్చుకునేవాళ్ళ లైసెన్సు తెచ్చుకుంది. మంగళ, శుక్రవారాలు నేను ఫర్నేసు ముట్టించగానే ఇంట్లో ఉన్న రెండో తాళంచెవితో బండి తీసి, ఈయన్ని పక్కన కూర్చోబెట్టుకుని, ఖాళీ మైదానానికి వెళ్ళి నేర్చుకుంది. నేను ముక్కు మీద గద్దకి కాపలా కాస్తుంటే కారే బయటికెళ్ళి తిరిగొచ్చింది.

"మరి ఫ్లాసు?"

"రెండోసారి ఊడినప్పుడు నీకు తెలియకూడదని మళ్ళీ కట్టాం. పై డాక్టరమ్మ నాకిచ్చిన దారం జేబులో ఉంటే దాంతోనే కట్టాను. వచ్చేదారిలో స్పీడు బ్రేకరు దగ్గర తెగింది, వెనకొచ్చే లారీ గద్ద మీద నుంచి పోయింది."

"గ్రిల్లు?"

ఆయన కాస్త ఇబ్బందిగా కదిలాడు. "స్తంభానికి ముద్దు పెట్టినంతే తగిలింది బాబూ. మామూలుగా అయితే గద్ద ఒక్కటే ఊడేది. నువ్వు అంత గట్టిగా బిగించావు కదా, గ్రిల్లు మొత్తాన్ని పట్టుకునే ఊడింది. మా పాత మెకానిక్కు దగ్గర అతుకు వేయిస్తున్నా. ఇందాకే అమ్మాయి ఆ మెకానిక్కుని పక్కన కూర్చోబెట్టుకుని బండి తీసుకెళ్ళింది, బిగించుకుని తెస్తుంది."

"ఇదంతా ఒక కాగితం మీద రాసి ఇవ్వొచ్చు కదండీ!"

"రాస్తే ఫిర్యాదవుతుంది. నా మీద ఎంతమంది రాశారో సర్వీసులో, నేను ఒకరి మీద రాయను. అమ్మాయి, టెస్టయ్యాక నేనే చెబుతా బాబాయ్ గారూ అంది. సరేనన్నా. కానీ నువ్వు పైకెళ్ళి ఆ డాక్టరు పిల్లని దొంగంటే ఇంక ఊరుకోలేకపోయా."

వెనక పార్కింగులో బండి చప్పుడైంది. వెళ్ళి తలుపు దగ్గర నిలబడ్డాను. అతుకు వేసిన గ్రిల్లుతో నా కారు లోపలికి వచ్చింది. రెండు కార్ల మధ్య ఉన్న సందులోకి మా ఆవిడ వెనక్కి తీసుకుంటూ, అద్దంలో ఒకసారి, భుజం మీంచి ఒకసారి చూసి, ఒకే తిప్పుడులో పెట్టేసింది. నాకు అక్కడ పెట్టడానికి ఎప్పుడూ మూడు తిప్పుళ్ళు పడుతుంది.

దిగి నన్ను చూసింది. నా వెనక పెద్దాయనని చూసింది. ఆయన నవ్వాడు, పళ్ళన్నీ కనిపించేలా.

"ఓహో, కుదిరాయా?" అంది ఆయనతో. తర్వాత నాతో, "చెప్పేశారన్నమాట," అంది.

కోప్పడదామని నోరు తెరిచాను. దేని మీద కోప్పడాలో వెంటనే దొరకలేదు. "నాకెందుకు చెప్పలేదు?" అన్నాను చివరికి.

"చెబితే మీరు నేర్పుతానంటారు."

రెండేళ్ళ కిందట, పాత స్కూటరు అమ్మి ఈ కారు కొన్న కొత్తలో, ఒక ఆదివారం తనకి నేర్పాను. పది నిమిషాలు. ఆ పది నిమిషాల్లో "క్లచ్! క్లచ్!" అని ఎన్నిసార్లు అరిచానో తను లెక్కపెట్టింది, నలభై మూడు. నలభై నాలుగోసారి అరవబోతుంటే బండి ఆపి, తాళంచెవి నా ఒళ్ళో పెట్టి, దిగి, ఇంటికి నడిచి వెళ్ళిపోయింది. తనకి డ్రైవింగు మీద ఆసక్తి లేదని ఆ రోజే నేను నిర్ణయించేశాను. మా బావమరిదికి, చుట్టాలకి అలాగే చెప్పాను కూడా.

"మూడు గద్దలు పోయాయి," అన్నాను. ఏదో ఒకటి అనాలి కదా.

"మొదటిసారి పోయినప్పుడే చెబుదామనుకున్నా. మీరు రాగానే దొంగలు దొంగలని ఎంత ఉత్సాహంగా ఉన్నారంటే..." తను సంచిని భుజం మీంచి దించింది. "పెళ్ళయ్యాక మిమ్మల్ని అంత హుషారుగా ఎప్పుడూ చూడలేదండీ. ఇసుక గుట్ట అని చెప్పి పాడు చేయాలనిపించలేదు. కానీ మూడోది మీరు చేత్తో చెక్కారు. అది ఊడినప్పుడు మాత్రం ఏడుపొచ్చింది."

సంచిలోంచి బట్టలో చుట్టిన గద్దని తీసింది. ఒక రెక్క వంగింది, ముక్కు పైకి లేచింది. ఆ రూపంలో అది నిజంగానే కోడిలా ఉంది. నాకు నవ్వొచ్చింది. తను కూడా నవ్వింది. పెద్దాయన మా ఇద్దరినీ చూసి బెంచీ మీదికి వెళ్ళిపోయాడు.

పైకి వెళ్ళి డాక్టరమ్మకి క్షమాపణ చెప్పుకున్నాను. నిలబెట్టే విన్నది. జరిగిందంతా చెప్పాక టేబులు మీద తల పెట్టుకుని నవ్వి, కళ్ళు తుడుచుకుని, ఒక అట్టపెట్టె నా చేతిలో పెట్టింది. నేను ఎంబ్లమ్ కాపలాలో ఉన్న కాలంలో చేసిన పనుల్లో వెనక్కి వచ్చినవి. రెండు బ్రిడ్జీలు, ఒక సెట్టు, అయిదు క్యాపులు. "అలారం పీకించేసి ఇవి మొదలుపెట్టండి అంకుల్," అంది. ఆ రోజే పీకించాను.

టెస్టు బుధవారం. నేనూ వస్తానన్నాను. వెనక సీట్లో కూర్చుంటే, నోరు మూసుకుంటే రావచ్చంది. ముందు సీట్లో పెద్దాయన. దారిలో ఒక మలుపు దగ్గర నా కుడికాలు దానంతటదే లేని బ్రేకు తొక్కింది. "బాబూ, కాలు," అన్నాడు పెద్దాయన వెనక్కి తిరక్కుండానే. ఆఫీసు దగ్గర ఇన్‌స్పెక్టరు చేతిలో అట్ట పట్టుకుని వచ్చి బండి చుట్టూ తిరిగాడు. ఎడమ ఇండికేటరు వేయమన్నాడు. అది నేను చేయించలేదు. వెలిగింది. మా ఆవిడ ఎప్పుడో మెకానిక్కు దగ్గర చేయించేసిందట. గ్రిల్లు మధ్య గుంటలో కంపెనీ నల్ల బిళ్ళ ఒకటి పెట్టించింది. దాన్ని ఎవరూ ఎత్తుకుపోరు, ఎవరూ చూడను కూడా చూడరు.

తను ఎనిమిది అంకె మీద తిరిగింది, ఎత్తు మీద ఆపి మళ్ళీ కదిలించింది, వెనక్కి పెట్టింది. ఇన్‌స్పెక్టరు దిగి, "ఎవరు నేర్పారు?" అని అడిగాడు. తను పెద్దాయన వైపు చూపించింది. నేను పక్కనే నిలబడి ఉన్నాను. "మీరెవరు?" అన్నాడు నన్ను.

"బండి ఓనర్ని," అన్నాను. ఆ మాట బయటికొచ్చాక ఎంత చిన్నగా వినిపించిందో నాకే తెలుసు.

తర్వాతి నెలలో తను కొత్త స్కూలుకి మారింది. కారు తనదైంది. ఎవరూ ఇవ్వలేదు, ఎవరూ అడగలేదు, అలా అయిపోయింది. నేను ల్యాబుకి బస్సులో వెళుతున్నాను. మొన్న స్టాపులో నిలబడి ఉంటే నా ముందు నుంచే కారు వెళ్ళింది. చెయ్యి ఊపాను. తను చూడలేదు. బండి నడిపేటప్పుడు రోడ్డు తప్ప ఇంకేమీ చూడకూడదని పెద్దాయన నేర్పాడు. బాగా నేర్పాడు. నా పక్కన నిలబడ్డాయన, "మీకు తెలిసినవాళ్ళా?" అని అడిగాడు. మా ఆవిడండీ అన్నాను. అయితే ఆపమని ఫోను చేయొచ్చుగా అన్నాడు. డ్రైవింగులో ఫోనెత్తదని చెప్పి, బస్సు వస్తోందేమోనని రోడ్డు చివరికి చూశాను.